గొడుగు బొమ్మ కేసెట్టు

మా ఇంటి షోకేసులో ఒక లావుపాటి జపాను బొమ్మల పుస్తకం ఉంది. దాని అట్ట మీద బాల్‌పెన్నుతో గీసిన పెద్ద బాణం గుర్తు ఉంటుంది. ఉక్కునగరంలో కొత్తగా ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో చేరిన కుర్రాళ్లు దువ్వాడలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా దాన్ని తీసి చూసి, "సార్, మీకు జపనీస్ వచ్చా?" అని అడుగుతారు.

రాదు. అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. వచ్చని నలుగురూ నమ్మడం వల్ల జరిగిన కథ ఇది. అడిగిన ప్రతివాడికీ ఒక్కో ముక్క చెప్పి ఊరుకుంటున్నాను. ఈసారి మొత్తం రాసిపెడుతున్నాను. చదివాక మీకేమైనా అర్థమైతే నాకు చెప్పండి. నాకు మాత్రం సగమే అర్థమైంది.

ఎనభైలలో, ఉక్కు కర్మాగారం ఇంకా కడుతున్న రోజుల్లో, అందులో చేరకముందు, నేను పోర్టులో ఇనుప ఖనిజం ఎగుమతి చేసే ప్లాంటులో టెక్నీషియన్ని. పాలిటెక్నిక్ నుంచి డిప్లొమా పట్టుకుని వచ్చినవాణ్ణి. ఏ పనైనా ముందు కాగితం మీద ఒకటి, రెండు, మూడు అని రాసుకోందే స్క్రూడ్రైవర్ పట్టుకునేవాణ్ణి కాదు. ఖనిజం రైళ్లలో వచ్చి, బెల్టులెక్కి, ఓడల్లో పడి జపాను పోయేది. దాని ఎర్రదుమ్ము మాత్రం మా చొక్కా కాలర్ల మీద మిగిలిపోయేది. ప్లాంటులో యంత్రాలు సగం జపానువే. ప్యానెళ్ల మీద ఇంగ్లీషు పలకలు కొన్ని ఊడిపోయి, కింద జపాను అక్షరాలే మిగిలాయి. అలా నాకు ఏడు మాటలు పట్టుబడ్డాయి: ఆపు, నడుపు, జాగ్రత్త, నూనె, ఒత్తిడి, ఎడమ, కుడి. చూస్తే గుర్తుపడతాను, చూడకుండా గీయగలను, ఒక్కటీ పలకలేను.

ఆ చివరి రెండు మాటలు గుర్తుంచుకోండి. ఎడమ, కుడి. అవి వచ్చి కూడా నేను చేసిన నిర్వాకం మున్ముందు చూస్తారు.

ఒకరోజు ఉదయం మా ఫోర్‌మన్ కంట్రోల్ రూముకి వచ్చాడు. శ్రీకాకుళం వైపు రైతు కుటుంబం. సాటివాళ్లనీ చిన్నవాళ్లనీ అందర్నీ 'బావా' అనే పిలుస్తాడు.

"ఒరే బావా, బేగి సేతులు కడుక్కో. ఆస్పత్రికెల్లాల."

"ఎవరికేమైంది గురువుగారూ?"

"మనోల్లకి కాదురా, జపానోడికి. మొన్నెల్లిన ఓడ లేదేటి? దాన్లో పనోడు మెట్ల మీంచి జారిపడి కాలిరగ్గొట్టుకున్నాడు. ఓడెల్లిపోనాది, ఈడొక్కడూ ఉండిపోనాడు. డాక్టరు ఆపరేసన్ అంతన్నాడు, ఈడు నో అంతన్నాడు. నీకు జపాను వచ్చు కదేటి, నువ్వు సెప్పు."

"నాకు జపాను రాదండీ. ప్యానెల్ మీద ఏడు మాటలొచ్చు, అంతే."

"ఏడొచ్చా! నాకు ఇంగిలీసు నాలుగే వచ్చు. ఆటితోనే ఫోర్‌మన్నయిపోనాను. నడు."

అది సముద్రం వైపున్న చిన్న నర్సింగ్ హోమ్. డాక్టరు గారు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపించారు. మోకాలి కింద ఎముక రెండు ముక్కలైంది. ఒక ముక్క మొన లోపలి నుంచి చర్మాన్ని నొక్కుతోంది.

"తెరిచి, ఎముకని కూర్చోబెట్టి, లోపల స్టీలు రాడ్ వేస్తే నడుస్తాడు. ఇలాగే ఉంచితే చర్మం చిట్లి చీము పడుతుంది. అప్పుడు కాలు మనకి దక్కదు. నాలుగైదు రోజులు చూడగలను, అంతకన్నా ఆగలేను. అతను ఒప్పుకోకుండా కత్తి పట్టుకోను."

"ఓడ ఏజెంటు ఏమంటాడండీ?" అన్నాను.

"జపానుకి టెలెక్స్ ఇచ్చాడట. జవాబు రావాలట. ఎముకకి టెలెక్స్ సంగతి తెలీదు కదయ్యా."

ఆ మనిషి మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి. ఓడ ఇంజన్ గదిలో యంత్రాలకి నూనె పోసే పని. ఇంగ్లీషులో 'యెస్', 'నో', 'థాంక్యూ' వచ్చు. డాక్టరు వైపు వేలు చూపించి, రెండు చేతులూ ఛాతీ ముందు కత్తెరలా అడ్డం పెట్టి, "నో" అన్నాడు.

నేను జేబులోంచి కాగితం తీసి, ఏం రాయాలో తోచక, 'నూనె' అని గీశాను. అతని మొహం వెలిగిపోయింది. పకపకా నవ్వి తన గుండె మీద తట్టుకున్నాడు. నేనే నూనె, అని. 'ఒత్తిడి' గీశాను. తల ఊపాడు. 'జాగ్రత్త' గీసి కాలు చూపించాను. ఆ మాటకి గంభీరంగా తల ఊపాడు. ఇంక నా దగ్గర మిగిలినవి నాలుగు: ఆపు, నడుపు, ఎడమ, కుడి. వాటితో రైలింజన్‌కి చెప్పొచ్చుగానీ మనిషికి ఏం చెప్పగలం?

"బాగా మాట్లాడుతున్నావురా బావా," అన్నాడు ఫోర్‌మన్ నిజంగానే.

మంచం కింద ఒక అట్టపెట్టె ఉంది. నేను దానివైపు చూడటం చూసి అతను సైగ చేశాడు, తియ్యమని. అందులో ఉన్నవి ఇవి. ఆరు వీడియో కేసెట్లు. ఇటుకంత లావు బొమ్మల పుస్తకం ఒకటి. పాటల కేసెట్టు ఒకటి. మూత లోపల అంటించిన ఫొటో ఒకటి. అందులో ఇతనూ, పళ్లూడిన ఒక చిన్నపిల్లా. పుస్తకం అట్ట మీదా, పాటల కేసెట్టు మీదా ఒకటే బొమ్మ: ఒక పిల్ల, పక్కన పాత ఇనుప ముక్కలతో చేసినట్టున్న ఒక మరమనిషి. వాళ్ల దేశంలో టీవీలో వారంవారం వచ్చే బొమ్మల కథ అది. కూతురు ఇంట్లో రికార్డు చేసి నాన్నకి ఓడ మీదకి పంపుతోందని తర్వాత ఏజెంటు చెప్పాడు.

వీడియో కేసెట్ల మీద అంకెలు లేవు. ఆ పిల్ల అంకెలకి బదులు ఒక్కోదాని మీద ఒక్కో స్టిక్కరు అంటించింది: పీత, లాంతరు, చేప, పడవ, గేరు పళ్లచక్రం, గొడుగు. గొడుగు కేసెట్టు డబ్బా మూత తెరుచుకోకుండా చుట్టూ ఒక కాగితప్పట్టీ అంటించి ఉంది. పట్టీ మీద రంగు పెన్సిలుతో ఒక పెద్ద మనిషీ, ఒక చిన్న మనిషీ, వాళ్ల ముందు ఒక చదరపు డబ్బా.

పుస్తకం తిరగేస్తుంటే మరమనిషి కాలు బొమ్మలు కనపడ్డాయి. కాలు తెరిచి ఉంది, లోపల ఒక ఊచ ఉంది. నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. భాష లేకపోతేనేం, బొమ్మలున్నాయి కదా! పుస్తకం ఒక్కరోజు ఇమ్మని సైగ చేస్తే ఇచ్చాడు.

మర్నాడు భోజనాల వేళ కంట్రోల్ రూములో ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి శ్రద్ధగా చదివాను. చదవడమంటే చూడటం. నా పక్కన మా షిఫ్టు ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. కృష్ణా జిల్లా మనిషి. దేన్నీ ఒక పట్టాన నమ్మడు.

"ఇదేంటి గురూ, పేజీల నంబర్లు తగ్గుతున్నాయేంటి?" అన్నాడు.

నేనూ గమనించాను. దానికి నా దగ్గర కారణం సిద్ధంగా ఉంది. "శ్రీహరికోటలో రాకెట్ వదిలేటప్పుడు ఎలా లెక్కపెడతారు? పది, తొమ్మిది, ఎనిమిది. అలాగే ఇదీ. ఇంకా ఎంత మిగిలిందో చదివేవాడికి తెలుస్తూ ఉంటుంది. వాళ్లు అంత శాస్త్రీయంగా ఆలోచిస్తారు."

"అబ్బో! మనవాళ్లకి బుర్రలేదంటే లేదూ!"

ఇద్దరం జపాను వాళ్లని కాసేపు మెచ్చుకుని ముందుకి సాగాం.

కథ ఇలా ఉంది. మొదట్లో మరమనిషి దర్జాగా నడుస్తూ ఉంటాడు. వాన పడుతుంటే పిల్ల మీద గొడుగు పడతాడు. ఇద్దరూ ఒక ఇంటి ముందు నవ్వుతూ నిలబడతారు. తర్వాత ఆ ఇల్లు వదిలేసి సముద్రం ఒడ్డున తిరుగుతారు. క్రమంగా అతనికి తుప్పు పడుతుంది. గొడుగు పిల్ల చేతికి పోతుంది. అతను తడవకుండా ఆ పిల్లే పడుతుంది. తర్వాత కాలు తెరుస్తారు, ఊచ పీకేస్తారు, కాలు ఊడి పక్కన పడుతుంది. చివరికి అతను ఒంటికాలితో తుక్కు గుట్టలో పడి ఉంటాడు. ఆఖరి పేజీలో ఆ పిల్ల ఒంటరిగా వెళుతూ ఉంటుంది, అతనెవరో తెలియనట్టు.

మేమిద్దరం అన్నం డబ్బాలు మూయడం మర్చిపోయాం.

"చిన్నపిల్లలకి ఇంత ఘోరమైన కథ చూపిస్తారా?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"యుద్ధం చూసిన దేశం," అన్నాను. నాకు ప్రతిదానికీ కారణం దొరికేది ఆ రోజుల్లో.

ఆ సాయంత్రం ఆస్పత్రికి వెళ్లి పుస్తకం అతని ఒళ్లో పెట్టి, కాలు బొమ్మలున్న చోట తెరిచాను. డాక్టరు గారూ, నర్సమ్మా పక్కనే ఉన్నారు. నేను ఎడమవైపు పేజీ మీద వేలు పెట్టి, ఒక్కో బొమ్మా చూపించుకుంటూ కుడివైపుకి వచ్చాను. ముందు నడిచే కాలు. తర్వాత తెరిచిన కాలు. తర్వాత ఊచ. తర్వాత, మీ కాలు ఇలాగే, అన్నట్టు అతని కట్టు మీద మెల్లగా తట్టాను. నా వేలు ఆగిన బొమ్మ ఏదో నేను సరిగ్గా చూడలేదు. అతను చూశాడు. ఊడి నేల మీద పడి ఉన్న కాలు అది.

అతను నా వేలిని పేజీ మీంచి నెట్టేశాడు. పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు. చేతులు కత్తెరలా అడ్డం పెట్టి "నో, నో, నో" అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాటి నుంచి తిండి మానేశాడు. నర్సమ్మ విజయనగరం మనిషి. నేను గుమ్మంలో కాలు పెట్టగానే అందుకుంది.

"ఏటి సెప్పేరు బాబూ మీరు? మొన్నటిదాకా ఇడ్లీలైనా తినీవోడు. మీరొచ్చి జపాను మాటాడేక అదీ మానేసినాడు. ఇంకోపాలి మాటాడితే ఊపిరి కూడా మానేత్తాడేటో!"

అప్పటికి రెండు రోజులు పోయాయి. డాక్టరు గారు ఉదయం, సాయంత్రం ఆ చర్మాన్ని చూసి, గోడ మీది క్యాలెండరు చూసి వెళుతున్నారు. ఆ క్యాలెండరు చూడటం మాకు భయంగా ఉండేది.

ఫోర్‌మన్ తన ఇంట్లోంచి టూ-ఇన్-వన్ టేప్‌రికార్డరు తెచ్చి పాటల కేసెట్టు పెట్టాడు. మనిషి కాస్త కదిలాడు. హుషారైన పాటలు, నడకకి సరిపోయే తాళం. ఊడ్చే ఆమె రెండో రోజుకే ఆ వరస పట్టేసి, దానికి తన మాటలేవో కట్టి కారిడార్లో పాడుకునేది. ఒకటే విచిత్రం. చివరి పాట మొదలవుతుందనగా అతను చెయ్యి చాపి టక్కున మీట నొక్కి ఆపేసేవాడు. మళ్లీ మొదటికి తిప్పేవాడు. ప్రతిసారీ అంతే.

"ఆ సివరి పాటేటి పాపం సేసింది బాబూ, దాన్నొక్కదాన్నీ పీక నొక్కెత్తన్నాడు?" అంది ఊడ్చే ఆమె.

నాకు తెలియలేదు. రికార్డింగ్ బాగాలేదేమో అనుకున్నాను. ఒకసారి అతను నిద్రపోతుండగా తక్కువ సౌండుతో విన్నాను. రికార్డింగ్ శుభ్రంగా ఉంది.

కంట్రోల్ రూములో ముగ్గురం కూర్చున్నాం. ఎలక్ట్రీషియన్ తేల్చేశాడు: "భయం గురూ. ఆ కథలో కాలు పోయినవాణ్ణి తుక్కులో పారేశారు. తననీ అలాగే చేస్తారనుకుంటున్నాడు. ఓడ కూడా వదిలేసి పోయిందాయె."

"అయితే దైర్నం సెప్పాల," అన్నాడు ఫోర్‌మన్. "ఆడు గొడుగట్టుకుని దర్జాగా నడిసే ముక్క ఉంది సూడు, అది సూపిద్దాం. తుక్కు ముక్క సూపించొద్దు. మొదటి కేసెట్టేదో నువ్వు తేల్చు బావా."

అది నా పని. చాలా పద్ధతిగా చేశాను. స్టిక్కర్ల మీది వస్తువులు పుస్తకంలో ఏ వరసలో వస్తాయో చూశాను. గొడుగు, పడవ, పళ్లచక్రం, చేప, లాంతరు, పీత. కాబట్టి మొదటి కేసెట్టు గొడుగు; పీత ఆఖరిది, తుక్కు గుట్టది. ఇప్పటికీ అంటాను, ఆ పద్ధతిలో ఒక్క లోపం లేదు.

టీవీ నర్సింగ్ హోమ్‌లోనే ఉంది, నలుపు తెలుపుది. వీసీఆర్ ఎలక్ట్రీషియన్ది. కస్టమ్స్ వేలంలో కొన్నాడు. తీరా అది జపానులో వాడుకోవడానికి చేసినది. మన కరెంటుకి పనికిరాదు, మన కేసెట్లు ఆడదు. వాళ్లావిడ దాని మీద పూలకుండీ పెట్టింది.

"నా వీసీఆర్‌కి ఇన్నాళ్లకి పెళ్లి సంబంధం కుదిరింది," అంటూ మోసుకొచ్చాడు.

వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి మా టెస్ట్ బెంచి మీద నుంచి అడిగి తీసుకున్నాను. బొమ్మ టీవీలో నిలబడకుండా పైకి పరిగెత్తింది. వెనకాల మీట తిప్పి దాన్ని ఆపాను. మనుషులు కాస్త పొట్టిగా కనిపించారు, అంతే తేడా.

మధ్యాహ్నం చూడటానికి వచ్చేవాళ్ల వేళ. వార్డులో నడవగలిగిన రోగులందరూ వచ్చి చేరారు. అతను వీసీఆర్‌ని చూసి లేచి కూర్చున్నాడు. పెట్టెలోంచి పీత కేసెట్టు తీసి తనే ఉత్సాహంగా నాకు అందించాడు.

"అది కాదురా బావా, అది తుక్కుది. ఒద్దను," అని ఫోర్‌మన్ నా చెవిలో అన్నాడు.

నేను పీత కేసెట్టుని మర్యాదగా పక్కన పెట్టి, గొడుగు కేసెట్టు తీశాను. కాగితప్పట్టీ కిందికి టెస్టర్ మొన పోనిచ్చి, చిరగకుండా, ఒక పక్క జాగ్రత్తగా ఊడదీశాను. అతను "నో!" అని అరిచాడు. ఈమధ్య అతను ప్రతిదానికీ నో అంటున్నాడు. అందుచేత నేను ఆగలేదు.

తెర మీద వాన. పిల్ల. గొడుగు. అతను రెండు చేతులతో కళ్లు మూసుకున్నాడు. మేమంతా టీవీ చూడటం మానేసి అతన్ని చూస్తున్నాం. మరమనిషి అడుగులు వేసే చప్పుడు వినిపిస్తోంది. ఠంగ్, ఠంగ్. రెండు కాళ్ల చప్పుడు. మెల్లగా అతని వేళ్లు విడివడ్డాయి. సందులోంచి చూశాడు. కాసేపటికి చేతులు దించేశాడు. నోరు కొంచెం తెరుచుకుని, కట్టు కట్టిన కాలు మీద చెయ్యి వేసుకుని, ఆఖరిదాకా కదలకుండా చూశాడు.

నాకు అప్పుడే అనుమానం మొదలైంది. మొదటి భాగం అనుకున్నది మొదటి భాగంలా లేదు. అందరూ ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి చేతులూపుతున్నారు. మరమనిషి పిల్లని ఒక ఇంటి గుమ్మంలో దింపాడు. గొడుగు మూశాడు. అప్పుడొక పాట మొదలైంది. ఇతను రోజూ పీక నొక్కే ఆ చివరి పాటే. అతను దానితోపాటు చాలా తక్కువ గొంతుతో పాడాడు. కళ్లు తుడుచుకోలేదు. నీళ్లు వాటంతటవే కారుతున్నాయి.

తెర నల్లబడింది.

"ఏటి సేసినాం బావా మనం?" అన్నాడు ఫోర్‌మన్ గుసగుసగా.

అతను చెయ్యి చాపి పుస్తకం అడిగాడు. ఇచ్చాను. నా చేతిలో ఉన్నదాన్ని ఉన్నట్టు తీసుకుని, బోర్లా తిప్పాడు. నేను వెనక అట్ట అనుకున్నదాన్ని కుడివైపుకి తెరిచాడు. తుక్కు గుట్ట, ఒంటికాలి మరమనిషి, దూరంగా నడిచి వస్తున్న పిల్ల. ఆ పిల్ల వెళ్లిపోవడం లేదు. వస్తోంది. అతను ఆ పేజీ మీద వేలితో కొట్టి నాకేసి చూశాడు. తర్వాత పేజీ మీద వేలు కుడి నుంచి ఎడమకి నడిపించాడు.

నా జన్మలో అంత సిగ్గుపడలేదు. రాకెట్ లెక్క మొత్తం కళ్ల ముందు తిరిగింది. ఎలక్ట్రీషియన్ నా వైపు ఒక్కసారి చూసి, "శాస్త్రీయంగా ఆలోచిస్తారన్నావు," అని ఊరుకున్నాడు.

అతను చెప్పడం ఇంకా అయిపోలేదు. ఊడిన కాగితప్పట్టీ తీసుకున్నాడు. దాని మీది పెద్ద మనిషిని చూపించి తన గుండె తట్టుకున్నాడు. చిన్న మనిషిని చూపించి, పెట్టె మూతలో ఉన్న కూతురి ఫొటో చూపించాడు. చదరపు డబ్బాని చూపించి టీవీని చూపించాడు. రెండు వేళ్లు పక్కపక్కన చేర్చాడు.

"అయ్యో!" అంది నర్సమ్మ. "సివరి కత ఇద్దరూ కలిసి సూడాలని దాసుకున్నార్రా బాబూ. నాను కాదంటే వినకండా పట్టీ ఊడదీసేరు!"

ఆమె కాదనలేదు. ఆమే ముందు వరసలో కుర్చీ వేసుకుంది.

అప్పుడు నేను ఒక పని చేశాను. తెలివితో చేశానో, ఏదో ఒకటి చెయ్యకపోతే నిలబడలేక చేశానో చెప్పలేను. పుస్తకంలో కాలు బొమ్మలున్న పేజీలు తీశాను. జేబులో కాగితం మీద నాకు వచ్చిన 'కుడి' అక్షరం, 'ఎడమ' అక్షరం గీసి, మధ్యలో బాణం వేసి, పేజీ మీద పెట్టాను. కుడి చివర వేలు పెట్టాను. ఊడిన కాలు. తర్వాత తెరిచిన కాలు. తర్వాత లోపలికి వెళ్లే ఊచ. తర్వాత మూసిన కాలు. తర్వాత నడక. డాక్టరు గారు చటుక్కున లోపలికి వెళ్లి, తళతళలాడే స్టీలు రాడ్ ఒకటి తెచ్చి ఊచ బొమ్మ పక్కన పట్టుకున్నారు.

అతను రాడ్‌ని చేతిలోకి తీసుకున్నాడు. యంత్రాల మనిషి కదా, కాంతికి పెట్టి నిటారుగా ఉందో లేదో ఒక కన్ను మూసి చూశాడు. బొటనవేలితో దాని అంచు రాసి చూశాడు. నా కాగితం లాక్కుని, 'నడుపు' అనే అక్షరం గీసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టాడు.

నేను ప్రశ్న గుర్తు కొట్టేశాను.

"యెస్," అన్నాడు.

మర్నాడు ఉదయం ఆపరేషన్ చేశారు. బాగా జరిగింది. చర్మం ఇంకొక్క రోజు ఆగేది కాదని డాక్టరు గారు తర్వాత చెప్పారు.

మత్తు దిగి, ఇడ్లీలు తిని, కాస్త స్థిమితపడ్డాక అతను చేసిన మొదటి పని నర్సమ్మని జిగురు అడగటం. వేళ్లు ఒకదానికొకటి అంటించి, పట్టీ చూపించి అడిగాడు. ఊడ్చే ఆమె వంటింట్లోంచి మైదా ఉడకబెట్టి తెచ్చింది. అతను గొడుగు కేసెట్టుని డబ్బాలో పెట్టి, పట్టీ పాత గీతల మీదే వచ్చేలా, వెంట్రుక తేడా లేకుండా అంటించాడు. నూనె పోసే చేతులు అంత మెత్తగా ఉంటాయని నాకు తెలీదు. ఆరిందో లేదో ఊది చూశాడు. అప్పుడు మంచం చుట్టూ ఉన్న మా అందరికేసి ఒక్కొక్కరినీ చూసి, వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

ముందు నర్సమ్మ వేలు పెట్టుకుంది. తర్వాత ఊడ్చే ఆమె. తర్వాత డాక్టరు గారు, స్టెతస్కోపు ఉన్న చేత్తోనే. ఫోర్‌మన్ వేలు పెట్టుకుని, దాని వెనకనుంచే, "సెప్పం బావా. సచ్చినా సెప్పం," అన్నాడు.

చేతికర్రల మీద నడవడం వచ్చాక ఏజెంటు వచ్చి అతన్ని తీసుకెళ్లాడు. వెళ్లేముందు మా జపాను మనిషి ఆ పుస్తకం నాకు ఇచ్చాడు. ఇస్తూ ఇస్తూ ఆగి, అట్ట మీద బాల్‌పెన్నుతో బాణం గీశాడు, ఎటు నుంచి తెరవాలో. నా మీద అతనికి ఉన్న నమ్మకం అంత.

ఇంతకాలమైంది. అతను ఎందుకు ఒప్పుకున్నాడో నాకు ఇప్పటికీ తేలలేదు. బొమ్మలు సరైన దిక్కున చూపించినందుకా? రాడ్ నచ్చినందుకా? మరమనిషి రెండు కాళ్ల మీద ఇల్లు చేరడం చూసినందుకా? లేక, దాచుకున్నది ఎలాగూ పోయింది, ఇంక పోయేదేముంది అనుకున్నాడా? మేము అతనికి ఇచ్చామా, అతని దగ్గర్నుంచి తీసుకున్నామా? కాగితం మీద ఒకటి, రెండు అని ఎన్నిసార్లు రాసుకున్నా ఏ కారణమూ మిగతావాటిని కొట్టెయ్యలేదు. ఫోర్‌మన్‌ని ఒకసారి అడిగితే, "ఆకలేసుంటాదిరా," అన్నాడు.

నాకు కచ్చితంగా తెలిసినది ఒక్కటే. ఎక్కడో ఒక ఇంట్లో, ఒక నాన్న ఆ పట్టీని కూతురి చేతే తెంపించి, వాన, పిల్ల, గొడుగు కనపడగానే ఆశ్చర్యపోయినట్టు నోరు తెరిచి ఉంటాడు. చివరి పాట మొదటిసారి విన్నట్టు విని ఉంటాడు. ఆ పిల్లకి ఇప్పుడు నడివయసు వచ్చి ఉంటుంది. మీరు శిక్షణకని జపాను వెళుతుంటారు కదా. ఆ బొమ్మల కథ అక్కడ ఇప్పటికీ చాలామందికి తెలుసట. ఎవరైనా ముచ్చటపడి దాని గురించి మాట్లాడితే హాయిగా మాట్లాడండి. వాన బాగుందనండి, పాటలు బాగున్నాయనండి. గొడుగు బొమ్మ కేసెట్టు మొదట విశాఖపట్నంలో ఆడిందని మాత్రం అనకండి. మేము మాటిచ్చాం.